మేనమామ గజం

అబద్ధమాడే మనిషిని పట్టుకోవడం కనుకయ్యకు ఇరవై నిమిషాల పని. నిజమే చెబుతున్నాననుకునే మనిషి ఎదురైనప్పుడే ఆయన ప్రాణం విసిగిపోతుంది. ఆ గురువారం శాంతి నగర్‌లో ఆకుపసరు అమ్మే సుశీలాబాయి గది గడప తొక్కేసరికి టైము రెండూ పది. కడుపులో మెతుకు లేదు.

మెతుకు లేకపోవడానికి కారణం ఆయన భార్య యమునాబాయి. పొద్దున టిఫిన్ డబ్బా చేతికిస్తూ జారవిడిచింది. పప్పంతా గడప పాలయింది. "ఎడమ భుజం పట్టింది, పట్టు చిక్కలే" అన్నది. "పట్టు చిక్కకుంటే కుడిచేత్తో ఇయ్యాలె" అని ఈయన కసురుకుని బయటపడ్డాడు.

ఇరవై రెండేళ్ళు సైజింగ్‌లో, మగ్గం బీముకు చుట్టే పడుగు నూలుకు గంజి పట్టించిన మనిషి కనుకయ్య. తర్వాత కార్ఖానాల్లో నూలు దొంగల్ని పట్టిస్తూ పట్టిస్తూ డిటెక్టివ్ అనిపించుకున్నాడు. ఈ కేసులో నూలు లేదు, దొంగ లేడు. వరుసకు అక్క అయ్యే పోచవ్వ ఉంది. ఆమె రొమ్ముకు క్యాన్సర్. ఆపరేషన్ అయింది, ఠాణే ఆసుపత్రిలో రోజుకొకటి చొప్పున ఇరవై అయిదు కరెంట్లు పెట్టాలన్నారు. రేడియేషన్‌ను అందరూ కరెంటు అనే అంటారు. పంతొమ్మిది అయ్యాయి. పోయిన శుక్రవారం ఇరవయ్యోదానికి తీసుకెళ్తే డాక్టర్ మనోరమ ఒళ్ళు చూసి ఆపేసింది. చర్మమంతా బొబ్బలు. ఆరు రోజులైనా మానకపోగా పాకుతున్నాయి.

డాక్టరు ఫోన్లో తేల్చి చెప్పింది. "కరెంటుకు చర్మం నల్లబడుతుంది, మండుతుంది, అది మాకు తెలుసు. ఇది అది కాదు. ఆవిడ ఒంటికి ఏదో తగులుతోంది, ఇంకా తగులుతూనే ఉంది. అదేమిటో సాయంత్రం అయిదింటిలోగా చెప్పండి. తెలియకుండా మళ్ళీ మిషన్ కింద పడుకోబెట్టను. ఇక్కడ పోయే ప్రతి రోజూ రోగానికి కలిసొస్తుందని మాత్రం గుర్తుంచుకోండి."

గదిలో సబ్ ఇన్‌స్పెక్టర్ వైభవ్ అప్పటికే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఈ గల్లీలోనే పుట్టి, మరాఠీ బడిలో చదివి, ఖాకీ ఎక్కిన తెలుగు పిల్లగాడు. ముందున్న అట్టపెట్టెలో నాలుగు గాజు సీసాలు.

"రా కాకా. కేసు క్లియర్ ఆహే. పోచవ్వ కొడుకు యోగేష్ కంప్లెయింట్ ఇచ్చిండు. ఈ బాయి ఆకుపసరు అమ్మింది, పేషెంట్ ఒళ్ళు కాలింది. సాయంత్రానికి అరెస్ట్."

"డాక్టరు ఏమన్నదో అడిగినవా?"

"పసరు పూసిన్రు, కాలింది. డాక్టర్‌ను అడిగేదేమున్నది?"

నేల మీద కూర్చున్న సుశీలాబాయి తలెత్తలేదు. వేపాకు, కచ్చూరాలు, పసుపు, కలబంద గుజ్జు తప్ప తన పసరులో ఇంకేమీ లేదని నాలుగోసారి చెప్పింది. చెప్పడం చాలదని ఒక సీసాలోంచి వేలితో తీసి సొంత చెంపకు రాసుకుంది.

"పోచవ్వక్కకు ఎప్పటిసంది ఇస్తున్నవ్?" అన్నాడు కనుకయ్య.

"ఆరో కరెంటు నుంచి అన్నా."

"డాక్టరుకు చెప్పమన్నవా?"

"చెప్పమంటె వద్దన్నది. డాక్టరమ్మ తిడుతదట."

"అది తిడుతదని నువ్వు నోరు మూసుకున్నవా? ఎవలకు వాళ్ళు నోరు మూసుకుని, ఒకామె ఒళ్ళు తెరిచి పెట్టిన్రు!" ఆయన వైభవ్ వైపు తిరిగాడు. "ఆరో కరెంటుకు పసరు మొదలైంది. బొబ్బలు కనపడ్డది పంతొమ్మిది అయినంక. నీ విషం రెండున్నర వారాలు నిద్రపోయిందా?"

"పాత సీసా మంచిది, కొత్త సీసాల ఏదో కలిపి ఉంటది."

ఆ మాటను కొట్టిపారేయడానికి లేదు. అదే కనుకయ్యకు ఒళ్ళుమంట. కుర్రాడు తెలివి తక్కువ వాడైతే తిట్టి పంపొచ్చు.

సుశీలాబాయికి చదువు రాదు. అందుకే ఎవరి సీసా వాళ్ళదని గుర్తుండేందుకు, వాళ్ళింటి పేలికో దారమో మెడకు కట్టించుకుంటుంది. పెట్టెలో మూడు సీసాలకు పాత చీరల పేలికలున్నాయి. నాలుగోదానికి తెల్లబరచని కోరా గుడ్డ అంచు. రెండు ఆకుపచ్చ పోగులు, ఒక పసుపు పోగు.

"ఇది పోచవ్వది," అన్నాడు వైభవ్ గొప్పగా. "రెండు పచ్చ, ఒక పసుపు, యోగేష్ కార్ఖానా అంచు. నేను గూడ గీ గల్లీల పుట్టినోన్నే కాకా."

ఠాణే దగ్గరి ఈ మగ్గాల ఊళ్ళో ఏ కార్ఖానాకు ఆ కార్ఖానా అంచు రంగులుంటాయి, అది నిజమే. సుశీలాబాయి అవుననలేదు, కాదనలేదు.

"కడమ ఆడోళ్ళు ఎవలు? వాళ్ళకు గూడ కాలిందా?" అన్నాడు కనుకయ్య.

"ఎవలకు ఏం కాలే. పేర్లు చెప్ప. ఆడోళ్ళ రోగాలు బజార్ల పెట్టేదాన్ని కాదు. పోలీసుకు చెప్ప, నీకు అసలే చెప్ప."

"నాకు అసలే ఎందుకు చెప్పవ్?"

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. రక్షించడానికి వచ్చినవాడి మీద ఈ అలకేమిటో కనుకయ్యకు అర్థం కాలేదు. నాలుగింటికి ఈమెను, సీసాలను తీసుకుని పోచవ్వ ఇంటికి రమ్మని వైభవ్‌కు చెప్పి, ఆటో ఎక్కాడు.

*

వరాలా తలావ్ పక్క బిల్డింగులో, రెండో అంతస్తులో పోచవ్వ ఇల్లు. రెండూ యాభైకి కనుకయ్య వాళ్ళ ముందుగదిలో కూర్చున్నాడు. కోడలు దీపాలి చాయ్ తెచ్చింది. బిస్కెట్లు తేలేదు. ఆయన చాయ్ వైపు నిరాశగా చూసి, విచారణ మొదలుపెట్టాడు.

"బిడ్డా, అత్త ఒంటికి నువ్వేం పూసినవ్?"

"కాహీ నాహీ మామా. డాక్టర్ ఇచ్చిన క్రీమ్ ఒక్కటే."

"ఇంకా?"

"ఇంకా ఏం లేదు."

"ఇంటిదొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. నేను పడ్త. ఇంకా?"

దీపాలి వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "రాత్రి పూట కలబంద జెల్, పసుపు. దుకాణంల తెచ్చిన. ఎనిమిదో కరెంట్ నుంచి. ఆయనకు చెప్పొద్దు, ప్లీజ్."

ఆమెను లోపలికి పంపి యోగేష్‌ను పిలిచాడు. ఇరవై నాలుగు మగ్గాల ఆసామి, ముప్పై అయిదేళ్ళవాడు. వస్తూనే సుశీలాబాయిని జైల్లో కుళ్ళబెట్టాలన్నాడు.

"అది తర్వాత. నువ్వేం పూసినవ్?"

"నేనా! నేనేం పూస్త మామా?"

"పదిమంది చేతుల పాము చావదురా. మీ అమ్మ ఒంటి మీద మీ అందరి చేతులున్నయ్. చెప్పు."

"కొబ్బరినూనెల కర్పూరం కలిపి..." యోగేష్ మెడ గోక్కున్నాడు. "మొబైల్‌ల వీడియో చూసిన. పదో కరెంట్ నుంచి. దీపాలికి తెల్వనీయకు."

కనుకయ్య నుదురు కొట్టుకున్నాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురు, నడుస్తున్నది మూడు వైద్యాలు. పోచవ్వది పొద్దున పసరు, కోడలిది రాత్రి జెల్, కొడుకుది మధ్యలో నూనె. ఎవరిది వాళ్ళకే తెలుసు, డాక్టరుకు ఏదీ తెలియదు. వీళ్ళ ప్రేమలో అబద్ధం లేదు, వీళ్ళ నోట్లో నిజం లేదు. ఎవర్ని తిట్టాలో తెలియక ఆయన చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.

అయినా లెక్క కుదరడం లేదు. ఆరు, ఎనిమిది, పది. అన్నీ పాతవే. పద్దెనిమిదో కరెంటు బుధవారం, అప్పటికి ఒళ్ళు నల్లబడింది తప్ప బొబ్బ లేదు. గురువారం పంతొమ్మిదోది అయి ఇంటికొచ్చాక మంట అన్నది. శుక్రవారానికి బొబ్బలు. మరి మధ్యలో కొత్తగా వచ్చింది ఏది?

"ఆ బుధవారం నాడు ఇంట్ల ఏమైంది?"

"ఏం కాలే మామా. కార్ఖానాల కొత్త బీము ఎక్కించినం. రోజు అంతే."

పోచవ్వ లోపలిగదిలో గోడకు చేరగిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, జుట్టు ఇంకా కురచగానే మొలిచింది. మాట మాత్రం కార్ఖానా మగ్గం చప్పుడును దాటి వినపడే మాట.

"తమ్మీ, సుశీలను ఇడిపిస్తవా లేదా? నా మూలంగ అది జైలుకు పోతే నేను మల్ల ఆ మిషన్ కిందికి పోను, చెప్తున్న."

"నువ్వు పోకుంటే ఎవలకు నష్టం అక్కా? ఆరు కరెంట్లు మిగిలినయ్. ఆ ఆరూ కానీయకుండ ఇంటిల్లిపాది కలిసి అడ్డం పడ్డరు. జర పుండు చూపియ్యి."

"చావు ముంగట సిగ్గేంది" అని ఆమె పక్కటెముకల దగ్గర రవిక అంచు కాస్త పైకి జరిపింది. దీపాలి ఫోన్ లైటు పట్టింది.

కనుకయ్య వంగి చూశాడు. కరెంటు ఎక్కడిదాకా తగలాలో ఆసుపత్రివాళ్ళు సిరాతో గీసిన గీత కనపడుతోంది. గీత లోపల చర్మం నల్లగా కమిలింది. బొబ్బలు మాత్రం గీత దాటి, నాలుగు వేళ్ళ మేర కిందికి వచ్చాయి. మిషన్ గీత దాటదు. పసరా అంటే, చేత్తో పూసింది వంకర్లు పోతుంది. ఈ పుండు కింది అంచు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఆ తిన్నటి అంచు వెంబడే సన్నగా మూడు గాట్లు.

మూడు గాట్లు! ఇరవై రెండేళ్ళు నూలుతో బతికిన మనిషికి ఆ మూడూ అంచు పోగుల గుర్తులని ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అక్కా, గుడ్డ ఏది?"

"ఏ గుడ్డ?"

"నీ ఒంటికి కడ్తున్న గుడ్డ."

"అదా?" పోచవ్వ తెల్లబోయింది. "అది మందు గాదు గద. మందులడిగినవ్, చెప్పిన. గుడ్డ సంగతి అడగలే."

కనుకయ్య కళ్ళు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టాడు. దీపాలికి గానీ, యోగేష్‌కు గానీ ఈ గుడ్డ సంగతి తెలియదని వాళ్ళ మొహాలే చెబుతున్నాయి. పోచవ్వ ఆ బుధవారం సాయంత్రం నుంచి రోజూ పసరు పూసుకుని, దానిమీద ఆ గుడ్డ తడితడిగా బిగించి కట్టుకుంటోంది. ఆసుపత్రికి వెళ్ళే ముందు విప్పి దేవుడి గూట్లో దాస్తోంది. గుడిలో పెట్టి మొక్కిన దేవుడి గుడ్డ సంగతి నలుగురికీ చెబితే గుణం పోతుందట.

మార్కండేయస్వామి పటం వెనక చెయ్యి పెడితే మడత తగిలింది. కోరా గుడ్డ. మగ్గం మీంచి కోసింది కోసినట్టే ఉంది, ఒక్కసారీ ఉతకలేదు. దాని పవిత్రతంతా అదే మరి, నీళ్ళు తగలకముందే కట్టుకోవాలి. ఒక పక్క అంచుంది. రెండు పచ్చ, ఒక పసుపు. రెండో పక్క అంచు లేదు, నిలువునా చింపిన గుడ్డ.

ఆయన గుడ్డ మూలను వేళ్ళతో నలిపి, నాలిక కొసకు తగిలించాడు. సైజింగ్ పనివాళ్ళు గంజి చూసేది ఇలాగే. ఒక్క క్షణం తర్వాత పరుగున మోరీ దగ్గరికి వెళ్ళి ఉమ్మేసి, నోరు పుక్కిలించాడు. రాగి నాణెం చప్పరించినట్టుంది.

"యోగేషా! ఈ బీము గంజిల ఏం కలిపించినవ్‌రా?"

యోగేష్ గుడ్డ అంచు తడిమి చూశాడు. "పోయిన లాట్ వానలకు బూజు పట్టింది మామా. మొత్తం వాపస్ వచ్చింది. అందుకే సైజింగోనికి నేనే చెప్పిన. బూజు మందు రెండింతలు వెయ్యమన్న."

"బూజు మందు పట్టి పట్టి వానకాలంల సైజింగోళ్ళ చేతులు ఎట్ల పగులుతయో నేను చూసిన. మంచి తోలే తట్టుకోదు. కరెంటుతోని కాలిన తోలు మీద తడిపసరు పూసి, దాని మీద గంజి గుడ్డ బిగిస్తే ఏమైతదిరా?"

తల్లిని కాల్చింది సుశీలాబాయి అని స్టేషన్‌కు పోయి సంతకం పెట్టి వచ్చినవాడు, ఇప్పుడు తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని "అవ్వా, అవ్వా" అంటూ పాదాలు పట్టుకున్నాడు.

*

నాలుగింటికి వైభవ్ వచ్చాడు. వెనక సుశీలాబాయి, కానిస్టేబుల్ చేతిలో సీసాల పెట్టె. కనుకయ్య గుడ్డ, పుండు అంచు, గంజి అన్నీ వరుసగా చెప్పాడు. వైభవ్ విన్నాడు, వినడం ఇష్టం లేనివాడిలా.

"నాలిక పంచనామా కోర్ట్‌ల చెల్లది కాకా."

"చెల్లకుంటే గుడ్డ ల్యాబ్‌కు పంపు. పసరు గూడ పంపు. ఎవలు వద్దన్నరు? అరెస్ట్ మాత్రం రిపోర్ట్ వచ్చినంక చెయ్యి."

"అంటే ఈ బాయి తప్పేం లేదా?"

"ఉన్నది. నోరు మూసుకున్న తప్పున్నది. ఆ తప్పుకు జైలంటే ఈ ఇంట్ల అందరికి బేడీలెయ్యాలె. నీ దగ్గర అన్ని ఉన్నయా?"

వైభవ్ నవ్వలేదు గానీ, టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. కనుకయ్యకు అంతమాత్రం చాలు. నాలుగూ ఇరవైకి డాక్టరుకు ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు. పసరు, జెల్, నూనె, గుడ్డ, ఏదీ దాచకుండా చెప్పాడు. డాక్టర్ మనోరమ ఎప్పటినుంచి, రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు అని ఒక్కోటీ అడిగి రాసుకుంది.

"గుడ్డ మీద నాకూ అనుమానం బలంగా ఉంది," అన్నది చివరికి. "ల్యాబ్ తేలుస్తుంది. కానీ మిగతావి అమాయకమైనవేం కాదు. కరెంటుకు ముందు చర్మం మీద ఏ పూతా ఉండకూడదు. ఆకు కదా అని, పసుపు కదా అని ఊరుకోవద్దు. ఇవాళ్టి నుంచి అన్నీ బంద్. రేపు పదకొండూ ఇరవైకి తీసుకురండి. పుండు నేను చూస్తాను, దానికి మందు మొదలుపెడదాం. మానడం మొదలైతే మిగిలిన ఆరూ పూర్తిచేద్దాం. లైన్లో ఉండండి, అపాయింట్‌మెంట్ రాసుకుంటాను."

పోచవ్వ రెండు చేతులూ ఎత్తి ఫోన్‌కు దండం పెట్టింది. సుశీలాబాయి ఏడ్చింది. ఇక ఇల్లు చేరి అన్నం తినొచ్చనుకున్నాడు కనుకయ్య.

"సుశీలా, నా సీసా నువ్వే తీస్కపో. ఇంక వద్దు," అని పోచవ్వ కిటికీ వైపు చూపించింది. దీపాలి అక్కడున్న సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మెడకు ఎర్రదారం ఉంది.

కనుకయ్య సీసా వైపు చూశాడు. అట్టపెట్టె వైపు చూశాడు.

"ఇది నీదైతే, అంచుగుడ్డ కట్టిన సీసా ఎవలది?"

ఆ అంచు ఉన్న కోరా గుడ్డ బజార్లో దొరకదు. తానులకు తానులు రంగుల మిల్లుకు పోతాయి. కోసి ఇంటికి పంపేది ఒక్కటే, కొత్త బీము మీద మొదటి గజం.

"అక్కా, ఈ గుడ్డ నీకు ఎవలు కట్టిన్రు?"

"ఇదేం అడుగుడు తమ్మీ? మొదటి గజం మేనమామ ఇంటికి గాక ఇంకెక్కడికి పోతది?"

పోచవ్వకు తోడబుట్టిన వాళ్ళు లేరు. యోగేష్‌కు మేనమామ వరుస కనుకయ్యే. పదిహేనేళ్ళుగా ప్రతి కొత్త బీముకూ ఆ గజం ఆయన ఇంటికే వస్తోంది. వచ్చినట్టు ఆయనకు తెలుసు, వచ్చాక ఏమవుతుందో ఏనాడూ అడగలేదు.

"ఆ బుధవారం పొద్దున మీ ఇంట్ల నేనే అత్త చేతికి ఇచ్చి వచ్చిన," అన్నాడు యోగేష్ నేల చూస్తూ. "అత్త గుడిల పెట్టి మొక్కి, సాయంత్రం అవ్వకు తెచ్చిందేమో."

కనుకయ్య చేతిలోని గుడ్డకు ఒక్క పక్కే అంచు. నిలువునా చింపారు. రెండో సగం ఎక్కడుంది? పప్పు గుర్తొచ్చింది. గడప మీద ఒలికిన పప్పు, దాని పక్కన వంగి ఒక్క చేత్తోనే ఎత్తుతున్న మనిషి. తను కసిరితే ఏమీ అనకుండా ఊరుకున్న మనిషి. ఊరందరి ఇళ్ళలో దాచినవి పట్టుకునే తన మీద ఆయనకు అసహ్యం వేసింది.

"సుశీలా." ఆయన పెట్టెలోంచి అంచుగుడ్డ సీసా తీశాడు. "ఎప్పటిసంది?"

"హోలీ నుంచి అన్నా. ఎడమ రొమ్ముల నిమ్మకాయంత గడ్డ. ఎవలకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది. ఆసుపత్రికి పోదమంటే, పోచవ్వొదినెను చూస్తున్న గద, నాతోని కాదన్నది."

హోలీ అయి అయిదు నెలలు. పోచవ్వకు పోయిన ఆరు రోజుల కోసం పొద్దుటి నుంచి లోకాన్ని తిట్టిపోస్తున్నవాడు ఆ అయిదు నెలలనూ నిలబడి లెక్కపెట్టాడు. వైభవ్ లేచి, కాకా అని భుజం పట్టుకుని, తన కుర్చీ ఆయన వెనక్కు జరిపాడు. ఆయన కూర్చోలేదు.

"హలో, రేపు పదకొండూ ఇరవైకి రాసుకున్నాను. పోచవ్వ గారు ఒక్కరే కదా?" అన్నది ఫోన్లో డాక్టరు.

"ఇద్దరు, డాక్టరమ్మా," అన్నాడు కనుకయ్య. "రెండో పేరు యమునాబాయి. నా భార్య."

తర్వాత ఇంటికి ఫోన్ చేశాడు. మూడో రింగుకు ఎత్తింది.

"ఇంక రాకపోతిరి? పప్పు మల్ల వండిన. పొద్దుటిసంది తినలేదు గద."

"యమునా, ముందు ఆ గుడ్డ విప్పు. పసరు కడుక్కో. రేపు పొద్దున ఎనిమిదింటికి తయారుగుండు, అక్కతోని ఠాణే పోతున్నం."

అవతల పక్కింటి మగ్గాల చప్పుడు వచ్చింది.

"సుశీల చెప్పిందా?" అన్నది యమునాబాయి.

"లేదు," అన్నాడు కనుకయ్య. "నువ్వు చింపిన గుడ్డ చెప్పింది."